షేర్వానీ దుకాణంలో మంచు హాకీ

నిజామాబాద్ ఎండ గురించి బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. మా గల్లీలో మే నెల మధ్యాహ్నం కాకి గోడ మీద రెండు కాళ్లూ ఒకేసారి పెట్టదు. ఒకటి పెడుతుంది, కాలగానే దాన్ని ఎత్తి రెండోది పెడుతుంది, అరవడానికి నోరు తెరిచి, నాలుక ఎండిపోతుందేమోనని మళ్లీ మూసుకుంటుంది. ఆ గల్లీలో, ఆ ఎండలో, షట్టరు సగం దించిన షేర్వానీ దుకాణంలో కూర్చొని నేనూ మా పక్క దుకాణం దర్జీ భాయీ కొన్నేళ్లపాటు మంచు మీద హాకీ ఆడాము. మంచు టీవీలో ఉండేది. మేము చెమటలో ఉండేవాళ్లం.

ఆ ఆటలో నాకంటే అధ్వాన్నంగా ఆడేవాడు ఈ జిల్లాలో లేడు. పక్క జిల్లాల్లో కూడా విచారించాను. అందుకే నేను గెలవడం మొదలుపెట్టినప్పుడు గల్లీ అంతా తిరిగి చెప్పుకున్నాను. భాయి కళ్లు పోతున్నాయి కాబట్టి నేను గెలుస్తున్నానని నాకు తట్టలేదు. తట్టేసరికి నా గెలుపులు చాలా పోగయ్యాయి, ఆయన చూపు చాలా తరిగిపోయింది.

ముందు మా దుకాణాల సంగతి చెప్పాలి. నాది పెళ్లి కార్డుల దుకాణం. ఆయనది పెళ్లికొడుకులకు షేర్వానీలు కుట్టే దుకాణం. మధ్యలో ఒక్క గోడ. ఎవరికో ఎక్కడో పెళ్లి కుదిరితే మా ఇద్దరి ఇళ్లలో అన్నం ఉడికేది. మూఢం వస్తే నా దుకాణంలో ఈగ కూడా ముహూర్తం చూసుకొనే వాలేది. మొహర్రం నెలలో ఆయన దుకాణం కూడా అంతే. మా గల్లాలు చూసినవాళ్లకు ఈ దేశంలో ఇంత జనాభా ఎట్లా పెరిగిందో అర్థమయ్యేది కాదు.

భాయిది బోధన్. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో వాళ్ల నాన్న కార్మికులకు ఖాకీ బట్టలు కుట్టేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఖాకీ తొడుక్కునేవాళ్లు తలో దిక్కుకు చెదిరిపోయారు. భాయి కుట్టుమిషన్‌ను బస్సు పైకెక్కించుకొని నిజామాబాద్ వచ్చేశాడు. నన్ను ‘పటేలా’ అని పిలిచేవాడు. మోర్తాడ్‌లో మా తాతకు పసుపు చేలు ఉన్నప్పుడు ఊరు ఆయన్ని అట్లా పిలిచేది. ఇప్పుడు నాకు మిగిలిన భూమి మా దుకాణం ముందు పూలకుండీలో ఉన్న మట్టి. అది కూడా సగం పిల్లులు తవ్విపోశాయి.

భాయి కళ్లు మామూలు కళ్లు కావు. కరెంటు పోయిన సాయంత్రం నల్ల గుడ్డ మీద నల్ల దారంతో, కుట్టు పడిందా లేదా అని గుడ్డకే అనుమానం వచ్చేటట్టు కుట్టేవాడు. అందరికీ అట్లాగే కనిపిస్తుందని అనుకునేవాడు పాపం. రోడ్డు అవతల పోతున్న మనిషిని టీ తాగుతూ చూసి, “గాయన కుడి భుజం కిందికున్నది పటేలా. దూది పెట్టకుంటె షేర్వానీ గుంజుకపోతది” అనేవాడు. నాకు అక్కడ పోతున్నది మనిషో కరెంటు స్తంభమో తెలిసేది కాదు.

టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ పెట్టె మాకు అట్లాంటి ఒక భుజం వల్లనే వచ్చింది. కమ్మర్‌పల్లి నుంచి గల్ఫ్ పోయి వచ్చిన ఒకాయన తన పెళ్లికి షేర్వానీ కుట్టించుకున్నాడు. ఆయన భుజాలు ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర అడిగి తెచ్చుకున్నట్టు ఉండేవి. భాయి వాటిని ఒక్క మనిషివి చేశాడు. పెళ్లి ఫొటోలు చూసుకొని ఆయన ఎంత పొంగిపోయాడంటే, గల్ఫ్‌లో తాను డ్రైవరుగా ఉన్న బంగళా దొర సొంత దేశం పోతూ వదిలేసిన గేమ్ పెట్టెను రెండు రిమోట్లతో సహా తెచ్చి భాయి కటింగ్ బల్ల మీద పెట్టాడు. దానితో ఒకే ఒక డిస్కు ఉంది.

“కిర్కెట్ లేదా ఇండ్ల?” అని అడిగాను.

“లేదన్న. దొరది చలి దేశం. ఎప్పుడు జూసినా గిదే ఆడుకుంట కూసుంటుండె. ఆడుకుంట ఏడుస్తుండె” అన్నాడు కమ్మర్‌పల్లి ఆయన.

“ఓడిపోయినందుకా?”

“గెల్చినా ఏడుస్తుండె.”

అప్పుడు అది నాకు వింతగా తోచింది. చలి ఎక్కువై కళ్లలో నీళ్లు వచ్చేవేమో అనుకున్నాను.

గిరాకీల పిల్లలు గోల చేయకుండా భాయి దుకాణంలో ఒక పాత టీవీ పెట్టాడు. దాని స్పీకరు ఎప్పుడో పోయింది, బొమ్మ మాత్రం వచ్చేది. గేమ్ పెట్టె తగిలించి డిస్కు వేయగానే తెరంతా తెల్లబడిపోయింది. మనవడి పెళ్లి కార్డులకోసం మోర్తాడ్ నుంచి వచ్చిన ఒక అవ్వ ఎండకు తాళలేక అక్కడే గడప మీద కూర్చొని ఉంది.

“గంత తెల్లగున్నది, సున్నం గొట్టిండ్రా బిడ్డ?”

“సున్నం గాదవ్వ, మంచుగడ్డ.”

“గంత మంచుగడ్డ యాడ దొరికింది? కరిగిపోదా?”

“ఆల్ల దేశంల కరగదవ్వ” అన్నాడు భాయి.

“కరగకపోతే ఆల్లు నీళ్లెట్ల తాగుతరు?”

భాయి లేచి అవ్వకు కుండలోంచి గ్లాసెడు నీళ్లు ముంచి ఇచ్చాడు.

ఆట సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. బూట్ల కింద కత్తులు కట్టుకున్న మనుషులు మంచు మీద జారుతూ, వంకర కర్రలతో ఒక చిన్న నల్ల బిళ్ళను అవతలి వలలోకి కొట్టాలి. ఆ బిళ్ళ అచ్చం కోటు గుండీలా ఉంటుంది కాబట్టి భాయి దాన్ని గుండీ అన్నాడు. తెల్లటి మైదానం మీద కందిగింజంత గుండీ. దాన్ని చూడగలిగినవాడే ఆడగలడు. వల ముందు నిలబడే గోలీని మొదటిసారి చూసినప్పుడు భాయి చాలా బాధపడ్డాడు.

“గీనికి కొలతలెవ్వడు తీసుకున్నడు? పరుపు కుట్టి మనిషికి తొడిగిండు.”

ఈ ఆటలో తప్పు చేసినవాణ్ణి రిఫరీ పట్టుకుపోయి మైదానం పక్కన ఒక అద్దాల డబ్బాలో కూర్చోబెడతాడు. వాడు కాసేపు అందులో ఉండి, తనంతట తానే తిరిగి వస్తాడు. ఈ ఒక్క ముక్క తెలియడానికి మాకు ఒక మూఢం మొత్తం పట్టింది. మేమిద్దరం కబడ్డీ చూసి పెరిగినవాళ్లం. కబడ్డీలో బయటికి పోయినవాడు ఊరికే రాడు. తనవాళ్లు అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చేసి వీణ్ణి లోపలికి తెచ్చుకోవాలి. అందుకని మావాడు డబ్బాలోకి పోగానే వాణ్ణి విడిపించడానికి ఎదుటివాళ్ల మీద పడి బాదేవాళ్లం. బాదినందుకు రిఫరీ ఇంకొకణ్ణి కూర్చోబెట్టేవాడు. వాణ్ణి విడిపించబోయి మరొకడు. ఒకనాడు నా జట్టులో గోలీ తప్ప తక్కినవాళ్లంతా పెళ్లి బస్సు ఎక్కినట్టు డబ్బాలో సర్దుకొని కూర్చున్నారంటే, కొంచెం అటూ ఇటూగా నిజం.

డబ్బాలోవాడు తనే వస్తాడని తేలాక భాయి ఒక నియమం పెట్టాడు. ఎదుటి జట్టులో ఒకడు తక్కువైన సమయమే గోలు కొట్టడానికి మంచి సమయమని లోకమంతా అనుకుంటుందట. భాయికి అది నచ్చలేదు.

“ఆల్ల ఇంట్ల ఒకడు తక్కువున్నప్పుడు పోయి మీద పడుడేంది పటేలా? దొంగలు చేసే పని అది. ఆడు వచ్చేదాక ఆగుదం.”

“ఆట ఆపే మీట ఉన్నది గదా, అది వొత్తుదం” అన్నాను.

“అది వొత్తితె ఆని టైము గూడ ఆగుతది. పాపం ఆడు అండ్లనే పడుంటడు.”

కాబట్టి మా దుకాణంలో మంచు హాకీ ఇట్లా జరిగేది: ఎవడైనా డబ్బాలోకి పోతే, గుండీ ఎవరి దగ్గర ఉంటే వాళ్లు దాన్ని తమ వల వెనక్కి తీసుకుపోయి నిలబెట్టాలి. రిమోట్లు బల్ల మీద పెట్టి ఇద్దరం టీ తాగాలి. తెర మీద మనుషులు అదే పనిగా గుండ్రంగా జారుతుంటారు. వాడు తిరిగి రాగానే మళ్లీ ఆట. భాయి ఒక్కసారి కూడా ఈ నియమం తప్పలేదు. నేను రెండు మూడుసార్లు తప్పబోతే నా టీ తీసి పక్కన పెట్టాడు.

టీవీకి శబ్దం లేదు కాబట్టి వ్యాఖ్యానం నేను చెప్పేవాణ్ణి. “చూడండి, పటేల్ గారి సైన్యం కదిలింది, శత్రువుల గుండెలు ఆగిపోయాయి” అని నేను ఒక వాక్యం పూర్తి చేసేలోపు భాయి రెండు గోల్స్ వేసేవాడు. గుండీ ఎక్కడుందో నేను వెతుక్కుంటుంటే ఆయన అది ఎక్కడికి పోబోతోందో చూసి, అక్కడ ముందే ఒకణ్ణి నిలబెట్టి ఉంచేవాడు. నా ఓటములు రాసి పెట్టడానికి మా ప్రెస్సులో కాగితం చాలేది కాదు.

తరువాత నేను గెలిచాను. మొదటి గెలుపు ఆషాఢంలో వచ్చింది. ఆ సాయంత్రం గల్లీలో ఇంటింటికీ మిర్చి బజ్జీలు పంచాను. మా ఇంటావిడకు చెబితే ఆమె బియ్యం చాట పక్కన పెట్టి, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“నువ్వు గెల్చినవా? ఆ భాయికి పాణం మంచిగున్నదో లేదో పోయి అడుగు ముందు.”

ఎగతాళి అనుకున్నాను. ఆమె కూడా ఎగతాళిగానే అంది.

అప్పటినుంచి నేను వరసగా గెలిచాను. నా చేతికి ఆట అబ్బిందని, వయసు పెరిగేకొద్దీ కొందరిలో ఇట్లాంటి ప్రతిభ పైకి వస్తుందని పక్క హోటల్ ఆయనకు వివరించాను. ఆ నెలల్లోనే భాయి టీవీ అద్దాన్ని రోజూ తుడవడం మొదలుపెట్టాడు. ముందు పొడి గుడ్డతో, తరువాత తడి గుడ్డతో. రోడ్డు దుమ్ము ఎక్కువైందన్నాడు. తరువాత ట్యూబులైటు మార్చాడు. కొత్తది కూడా బాగాలేదని ఇంకొకటి తెచ్చాడు. టీవీ ముసలిదైంది, బొమ్మ అలికినట్టు వస్తోందన్నాడు. నాకు బొమ్మ ఎప్పటిలాగే ఉంది. అయినా గెలుస్తున్నవాడు టీవీ గురించి ఎందుకు వాదిస్తాడు?

ఆయనకు షుగర్ ఉందని గల్లీకంతా తెలుసు. మా గల్లీలో షుగర్ లేనివాణ్ణి ఇంకా లోకం చూడనివాడిగా లెక్కగడతారు. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. గుర్తు రానప్పుడు నేను గుర్తు చేయాలి కదా అంటే, నా మాత్రలు నాకు గుర్తు చేసేవాడే ఆయన.

ఒక మధ్యాహ్నం ఆటలో నా మనిషి ఒకడు భాయి మనిషి కాళ్లకు కర్ర అడ్డం పెట్టి పడేశాడు. రిఫరీ వాణ్ణి తీసుకుపోయి డబ్బాలో కూర్చోబెట్టాడు. నియమం ప్రకారం నేను రిమోట్ బల్ల మీద పెట్టి టీ గ్లాసు అందుకున్నాను. గుండీ భాయి దగ్గరే ఉంది. ఆయన దాన్ని వెనక్కి తీసుకుపోలేదు. ముందుకు తోసుకుంటూ వచ్చి, ఊరికే గుండ్రంగా జారుతున్న నా మనుషుల మధ్యనుంచి పోయి గోలు కొట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఎన్నేళ్ల మర్యాద!

“ఏంది భాయ్ గిది? మావోడు డబ్బల కూసున్నడు గదా.”

“ఎవడు?”

“ఎవడేంది? ఇప్పుడే నీవోని కాళ్లకు కర్ర అడ్డం పెట్టిండు. నీ ముంగటనే తీస్కపోయిండ్రు.”

భాయి టీవీ వైపు చూశాడు. “యాడ కూసున్నడు?”

“డబ్బ యాడుంటది, గా కింది మూలకు. పరాచికాలొద్దు భాయ్, గోలు వాపసు తీస్కో.”

ఆయన లేచాడు. మెడలో కొలత టేపు వేలాడుతోంది. టీవీ దగ్గరికి పోయి, కోడి గింజను చూసినట్టు తల ఒక పక్కకు వంచి చూశాడు, మళ్లీ ఇంకో పక్కకు వంచి చూశాడు. ముక్కు అద్దానికి తగిలింది. తరువాత వేలు తెర మీద పెట్టి అడిగాడు.

“గీడనా?”

ఆ వేలు ఉన్నది డబ్బా మీద కాదు. అవతలి పక్క గోడకు ఉన్న ఎర్రటి బోర్డు మీద.

నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాను.

“మొదలు దుమ్మనుకున్న పటేలా” అన్నాడు ఆయన, వేలు అక్కడే ఉంచి. “నల్లగ దారం పోగులు తేలినట్టుండె. తర్వాత ఎవడో అద్దం మీద ఊదినట్టు. ఇప్పుడు నడుమల మొత్తం మరక.”

“మరి షేర్వానీలు ఎట్ల కుడుతున్నవు?”

“చేతులకు అలవాటున్నది గదా.”

పరదా వెనక గదిలో కూర్చొని కాజాలు కుట్టే భాయి భార్య, మా భాభీ, బయటికి వచ్చింది. ఆమె చేతిలో సూదుల దిండు ఉంది. దిండు నిండా దారాలు ఎక్కించిన సూదులు. పొద్దున్నే ఆమె అన్నిటికీ దారం ఎక్కించి గుచ్చి పెడుతుందట.

“అలవాటు లేదు ఏం లేదన్న. ఈయన నమాజుకు పోంగనే నేను మొత్తం ఇప్పి మల్ల కుడుతున్న” అంది ఆమె నాతో.

భాయి అప్పుడు టీవీ వదిలి ఇటు తిరిగాడు.

“ఇప్పుతున్నవా?”

భాభీ దిండులోంచి ఒక సూది తీసి మళ్లీ అక్కడే గుచ్చింది.

“ఎన్నొద్దుల సంది?”

ఆమె దిండు పట్టుకొని పరదా వెనక్కి పోయింది. ఆ రోజు ఆ గోలు గురించి మేము మళ్లీ మాట్లాడుకోలేదు.

భాయిని హైదరాబాద్‌లో ఒక కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ కళ్లలో మందు చుక్కలు వేసి వరసగా బెంచీల మీద కూర్చోబెట్టారు. కుర్చీలో వాలిన ప్రతివాడితోనూ డాక్టరు ‘కొంచెం ముందు వచ్చి ఉంటే’ అని చెబుతున్నాడు. ఆ మాట అచ్చు వేయించి గోడకు తగిలిస్తే ఆయనకు గొంతు నొప్పి తగ్గేదని నేను భాయికి చెప్పాను. భాయి నవ్వాడు. మా వంతు వచ్చాక డాక్టరు చాలాసేపు లైటు వేసి చూశాడు.

“చూపు తేడాగా ఉందని మొదట ఎప్పుడు గమనించారు?” అని అడిగాడు.

“గీ పటేల్ నన్ను ఓడగొట్టిన నాడు సార్” అన్నాడు భాయి.

డాక్టరు నా వైపు తిరిగాడు. నేనేదో కర్రతో కొట్టినట్టు చూశాడు. నేను హాకీ అన్నాను. మంచు మీద అన్నాను. నిజామాబాద్‌లో అన్నాను. చెప్పేకొద్దీ నాకు కూడా ఏదో ఒక చుక్కల మందు అవసరమని ఆయనకు అనిపించినట్టుంది. చివరికి భాయే మధ్యలో వచ్చాడు.

“సార్, ఒక్కటే అడుగుత. సూదిల దారం ఎక్కిచ్చుకుంటనా మల్ల?”

డాక్టరు తన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. షుగర్ వల్ల కంటి వెనక రక్తనాళాలు చెడ్డాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టడానికి లేజర్ చేద్దామని చెప్పాడు. దారం గురించి మాత్రం ఏమీ అనలేదు. భాయికి అర్థమైంది. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన ఆయన్నే కూర్చోబెట్టాను. ఆయన కిటికీ వైపు చూడలేదు, ముందు సీటు వెనకవైపు రెక్సిన్‌ను వేళ్లతో తడుముతూ, కుట్టు వంకరపోయిందన్నాడు. నిజంగానే పోయింది.

లేజర్ చేయించాము. మళ్లీ పోయాము, మళ్లీ చేయించాము. ఉన్నది నిలబడలేదు.

బాల్కొండ పెళ్లికొడుకు ఒకడి షేర్వానీ సగంలో ఉండింది. భాయి దాన్ని తడిమి తడిమి మడత పెట్టి, కాగితం చుట్టి నా చేతిలో పెట్టాడు. ఇంకో వీధిలో ఉన్న దర్జీకి ఇచ్చిరమ్మన్నాడు. “ఎడమ భుజానికి దూది జర ఎక్కువ పెట్టమను” అన్నాడు. ఆ పొట్లం ఎంత బరువున్నదని అడిగితే, మా ఊరి పసుపు బస్తా దాని ముందు దూదిపింజ. దాన్ని మోసుకుంటూ పోతుంటే దారిలో ఇద్దరు పలకరించారు. కొత్త బట్టలా, పెళ్లెవరిదని అడిగారు.

ఆ తరువాత కుట్టుమిషన్‌కు గుడ్డ కప్పేశారు. దుకాణం తెరిచేవాడు, కూర్చునేవాడు. నేను పోతే టీవీ పెట్టమనేవాడు. ఆటకోసం కాదు, తన చూపు ఎంత మిగిలిందో చూసుకోవడానికి. ఆసుపత్రిలో గోడ మీది అక్షరాలను ఆయన నమ్మలేదు. ఎప్పుడూ ఒకే అక్షరాలు కాబట్టి బట్టీ పట్టేశానన్నాడు. గుండీ బట్టీకి దొరకదు.

“అవతలి వల కాడిదాక కనబడ్తలేదు. నడుమల గీత కాడ మాయమైతుంది” అనేవాడు ఒక రోజు.

ఇంకో రోజు, “గీత గూడ లేదు. నా మనిషి కర్ర కాడ ఉన్నప్పుడే ఉన్నది.”

తాను కూర్చునే స్టూలును రోజుకింత ముందుకు జరిపేవాడు. చివరికి టీవీకీ ఆయనకూ మధ్య గాలి పోవడానికి కూడా సందు లేకుండా కూర్చున్నాడు. ఆయన తల వెనకనుంచి నాకు ఆట కనిపించేది కాదు. అయినా నేనే గెలిచేవాణ్ణి. ఇంతకంటే ఘోరమైన గెలుపులు ఈ భూమి మీద ఏ రాజుకూ దక్కి ఉండవు.

తెర మీద అంకెలు కనిపించక స్కోరు నన్ను అడగడం మొదలుపెట్టాడు. ఎదుటివాడికి ఒకటి తక్కువైనప్పుడు మీద పడకూడదని ఆయనే నేర్పాడు కదా, నేను నోటితో ఆయన్ని గెలిపించాను.

“నువ్వే భాయ్. మూడు గోల్స్. నా గోలీ పరుపు చింపుకొని ఇంటికి పోయిండు.”

ఆయన చేతిలోని రిమోట్‌ను ఒకసారి అటూ ఇటూ తిప్పాడు.

“పటేలా, మనం గోలు కొడితే రిమోట్ చేతిల అదురుతది. తెలుసా?”

నాకు తెలుసు. మరిచిపోయాను.

“ఇంతసేపు ఒక్కసారి గూడ అదురలే.”

“చిన్న గోల్స్ భాయ్. అదరలే.”

“నా కండ్లు పోతున్నయి, చేతులు ఉన్నయి గదా” అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. “నువ్వు గిట్ల చెప్తే నాకెట్ల తెల్వాలె, ఎంత పోయిందో?”

ఇక అబద్ధం చెప్పనని ఒప్పుకున్నాను. కొన్ని రోజులు ఉన్నదున్నట్టు చెప్పాను. నీది సున్నా. నీది సున్నా. నా నోటికి ఆ మాట తప్ప ఇంకేమీ రానట్టు అయింది. వ్యాఖ్యానం ఎప్పుడో మానేశాను.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఆట మొదలైన కాసేపటికే భాయి రిమోట్ బల్ల మీద పెట్టేశాడు.

“ఏమైంది భాయ్?”

“గుండీ సంగతి ఇడిచిపెట్టు. మనుషులే కనబడ్తలేరు. ఎర్రోల్లు, నీలమోల్లు అందరు కలిసిపోయిండ్రు.”

“మరేం కనబడ్తున్నది?”

“తెలుపు” అన్నాడు. “నువ్వు ఆడు. నేను కూసుంట.”

ఆడాను. ఆపేసి లేచిపోతే ఆయన అక్కడ ఆ తెలుపు ముందు ఒక్కడే కూర్చుంటాడని భయం వేసింది. ఆ గేమ్ పెట్టెలో ఇంకో గుణం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. రిమోట్ ముట్టుకోకపోయినా జట్టు ఊరికే జారడమే కాదు, ఆడుతుంది కూడా. మీట నొక్కేవాడు లేని ఒక్క మనిషి స్తంభంలా నిలబడి ఉంటాడు, తక్కినవాళ్లు వాళ్లంతట వాళ్లే ఆడుతుంటారు. భాయి జట్టు ఆడుతోంది. గోలీ నేను కొట్టినవన్నీ ఆపుతున్నాడు. భాయి చేతులు ఒళ్లో ఉన్నాయి. ఆయన లేకుండా, ఆయన లేడన్న సంగతే పట్టనట్టు, ఆయన మనుషులు హాయిగా జారుతూ తిరుగుతున్నారు. ఒకడు నా వల దాకా వచ్చాడు. నేను గుండీని తప్పించబోయి తికమకలో తప్పు మీట నొక్కాను. అది నా గోలీ కాళ్ల మధ్యనుంచి పోయి నా వలలోనే పడింది. నేనే కొట్టుకున్నది కాబట్టేమో, బల్ల మీద భాయి రిమోట్ అదరలేదు.

కాసేపటికి ఆట అయిపోయింది.

“అయిపోయిందా?” అన్నాడు భాయి. తెర మీద వెలుగు మారినట్టు తెలిసింది కాబోలు. “ఎవరు?”

“నువ్వే భాయ్. ఒకటి సున్నా.”

ఆయన ముఖం ముడుచుకుంది.

“చెప్పనన్నవు గదా పటేలా అబద్ధం.”

“అబద్ధం గాదు భాయ్. నిజంగ నువ్వే గెల్చినవ్.”

“నేను రిమోట్ ముట్టనేలేదు.”

“ముట్టకున్నా ఆడిండ్రు నీవోల్లు. నేనే నా వలల కొట్టుకున్న.”

“నీ వలల నువ్వే కొట్టుకున్నవు” అన్నాడు, నా మాటను తూకం వేస్తున్నట్టు. చిన్నపిల్లలకు కూడా ఇంతకంటే మంచి అబద్ధం చెబుతారని ఆయన గొంతులో ఉంది.

ఒట్టు వేశాను. మా అమ్మ మీద వేశాను, నా కళ్ల మీద వేశాను, వేసినాక నాలుక కొరుక్కున్నాను. ఒట్లు పెరిగేకొద్దీ ఆయన ముఖంలో నమ్మకం తరిగిపోయింది. పరదా వెనకనుంచి భాభీని పిలిచాను. జర నువ్వు జూసి చెప్పు, అంకెలున్నయి గదా అన్నాను. ఆమె వచ్చి నిలబడేలోపు అంకెలు పోయాయి. తెర మీద రెండు జట్లవాళ్లూ వరసగా నిలబడి ఒకరితో ఒకరు చేతులు కలుపుతున్నారు.

“నాకేం తెలుస్తదన్న” అంది ఆమె. “అందరు ఒక్కతీర్గనే ఉన్నరు.”

భాయి చేయి చాపి బల్ల మీద రిమోట్ కోసం వెతికాడు. దొరికాక దాని వైరును మెల్లగా వేళ్లకు చుట్టడం మొదలుపెట్టాడు, కొలత టేపును చుట్టినట్టు.

“ఆఖరుసారి అడుగుతున్న. మల్ల అడుగ. ఎవరు గెల్చిండ్రు?”

బయట గల్లీలో ఎవరిదో ఆటో ఆగి, మళ్లీ పోయింది. భాభీ నా వైపు చూస్తోంది.

“నేనే భాయ్” అన్నాను. “నేనే గెల్చిన.”

“గట్ల చెప్పు” అన్నాడు. చుట్టిన వైరుకు ముడి వేసి, తడిమి చూసుకొని, రిమోట్‌ను నా ఒళ్లో పెట్టాడు.